ఒక పాటగాడి ఏడాది లెక్క

(నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పెద్దలకూ, శనివారం సాయంత్రం పిల్లల క్రికెట్ ప్రాక్టీసూ, కూచిపూడి క్లాసూ పక్కనపెట్టి వచ్చిన అమ్మలకూ నాన్నలకూ వందనాలు. నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, మనలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్‌లో పడి, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులో డేటాబేసులకి కాపలా కాస్తున్నవాణ్ణి. శ్రుతి తెలియదు గానీ లెక్క తెలుసు. పాటగాడి బతుకుని లెక్కల వైపు నుంచి చెప్పమన్నారు కాబట్టి ధైర్యం చేసి నిలబడ్డాను.

అసలు ఈ గొడవ నాకెందుకు పట్టిందో ముందు చెబుతాను. మా అక్క కొడుక్కి ఇరవై మూడేళ్ళు. ఇక్కడే పుట్టాడు. కంప్యూటర్ సైన్సు పూర్తి చేశాడు, చేతికి ఉద్యోగం ఆఫరు కూడా వచ్చింది. "మావయ్యా, నాకు ఒక్క ఏడాది కావాలి. నా పాటలు నేను పాడుకుంటాను" అన్నాడు. మా అక్క నాకు ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, నీ మాటైతే వింటాడు, వాడికి కాస్త చెప్పరా" అంది. బావగారు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఏడాది తర్వాత వీడు బాగుపడ్డాడో లేదో మనకెలా తెలుస్తుంది?"

ప్రశ్న న్యాయమైనదే. మన ఉద్యోగాల్లో ఏడాదికోసారి అప్రైజలూ, హైకూ, ప్రమోషనూ ఉంటాయి. ఏ కంపెనీకీ చెందని పాటగాడికి అప్రైజల్ చేసేదెవరు? దీనికి జవాబు కోసం దూరం పోకుండా మన పక్క ఊళ్ళోనే వెతికాను.

మావాడు పాడేదాన్ని ఇక్కడ రూట్స్ రాక్ అంటారు. అంటే బ్లూస్, కంట్రీ, చర్చి పాటలు, కొండ ప్రాంతాల జానపదాలు - ఈ వేళ్ళ మీద ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ములు నిలబెట్టిన సంగీతం. మన జానపద బాణీకి బ్యాండు తోడైతే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. మనకిది కొత్తేమీ కాదు. హైదరాబాదులో చౌరస్తా బ్యాండు వాళ్ళు "మాయ" పాటతో తెలుగు కుర్రకారుని పట్టేశారు. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాల 2021లో "జాతిరత్నాలు"లో చిట్టి పాటతో ఇంటింటికీ చేరాడు, 2022లో "డీజే టిల్లు" టైటిల్ పాటకి తనే బాణీ కట్టి పాడాడు. అయితే మన దగ్గర పాటగాడికి పెద్ద తలుపు సినిమాయే. ఇక్కడ ఆ తలుపు లేదు. వ్యానూ, రోడ్డూ, ఊరూరా చిన్న చిన్న క్లబ్బులూ - ఇదే దారి.

ఆ దారిలో నడిచిన మనిషి మనకి పావుగంట దూరంలో రాలీలో ఎదిగాడు. పేరు బీజే బార్‌హమ్, బ్యాండు పేరు అమెరికన్ అక్వేరియం. పుట్టి పెరిగింది ఇదే రాష్ట్రంలో రీడ్స్‌విల్. లక్కీ స్ట్రైక్ సిగరెట్లు తయారైన పొగాకు ఊరు అది. ఒంగోలు, చీరాల వైపు నుంచి వచ్చినవాళ్ళకి పొగాకు బ్యారన్లంటే వేరే చెప్పక్కర్లేదు. చదువుకోసం ఎన్.సి. స్టేట్ యూనివర్సిటీకి వచ్చిన ఈ కుర్రాడు 2000ల మధ్యలో బ్యాండు మొదలుపెట్టాడు. ఏడాదికి రెండు వందల రోజులకి పైగా రోడ్డు మీదే ఉంటూ ఏళ్ళ తరబడి తిరిగారు. చివరికి విసిగిపోయి, ఇదే ఆఖరు అనుకుని 2012లో "బర్న్. ఫ్లికర్. డై." అనే ఆల్బమ్ చేశారు. జేసన్ ఇస్బెల్ దాన్ని ప్రొడ్యూస్ చేశాడు. వీడ్కోలు అనుకున్నదే వాళ్ళని నిలబెట్టింది. తర్వాతది, 2015లో వచ్చిన "వుల్వ్స్", అభిమానులు వేసుకున్న చందాలతో తయారైంది.

ఇక్కడితో ఆగితే ఇది మన సినిమా కథ. కానీ 2017లో బార్‌హమ్ తప్ప మిగతా సభ్యులంతా బ్యాండు వదిలి వెళ్ళిపోయారు. అప్రైజల్ ఫారం ప్రకారం చూస్తే ఆ ఏడాది గుండు సున్నా. అతను కొత్తవాళ్ళని కూర్చుకుని, జాన్ ఫుల్‌బ్రైట్ ప్రొడ్యూసరుగా మరో ఆల్బమ్ చేశాడు. 2018 జూన్ 1న న్యూ వెస్ట్ అనే పేరున్న కంపెనీ ద్వారా అది విడుదలైంది. పేరు "థింగ్స్ చేంజ్". మనుషులంతా పోయిన ఏడాదిలో అతని దగ్గర ఏం మిగిలాయి? పాటలు మిగిలాయి, వాటి కోసం వచ్చే జనం మిగిలారు. నాకు జవాబు అక్కడ దొరికింది. పాటగాడి ఏడాదిని వచ్చిన డబ్బుతో కాదు, ఏడాది చివర అతని దగ్గర మిగిలినదానితో కొలవాలి.

మావాడూ నేనూ కూర్చుని దీన్ని నాలుగు గడుల పుస్తకంగా గీశాం.

మొదటి గడి: పాట ఎవరి పేరు మీద ఉంది? అమెరికాలో ఒక పాటకి రెండు హక్కులుంటాయి. రాసి బాణీ కట్టినదానికి ఒకటి, రికార్డింగుకి ఇంకొకటి. రేడియోలో, హోటళ్ళలో, కచేరీల్లో పాట వాడితే రచయితకి రావలసింది బీఎంఐ, ఆస్కాప్ లాంటి సంస్థలు వసూలు చేస్తాయి. ఇంటర్నెట్ రేడియోలో రికార్డింగు మోగితే వచ్చే సొమ్ము సౌండ్‌ఎక్స్‌ఛేంజ్ పంచుతుంది: హక్కుదారుకి 50 శాతం, ప్రధాన కళాకారుడికి 45, మిగతా వాయిద్యగాళ్ళ నిధికి 5. రికార్డింగు తనదే అయితే 95 శాతం ఒకే జేబులో పడుతుంది. మన దేశంలో కూడా 2012 చట్ట సవరణతో సినిమా పాటల రచయితలకీ, సంగీత దర్శకులకీ రాయల్టీలో సమాన వాటా హక్కు వచ్చింది. కాబట్టి "పాట విడుదల చేస్తాం, ఇక్కడ సంతకం పెట్టు" అని ఎవరైనా అంటే, ఇల్లు కొనేటప్పుడు కాగితాలు చదివినట్టు చదవాలి. బార్‌హమ్ 2022 ఆల్బమ్ "చికమకామికో"ని మళ్ళీ తన సొంత లేబుల్ మీదే తెచ్చుకున్నాడు.

రెండో గడి: ఎంతమంది తిరిగి వచ్చారు? స్ట్రీమింగ్ అంకెలు చూసి మోసపోకండి. లక్షసార్లు వింటే చేతికొచ్చేది అటూ ఇటూగా మూడు వందల డాలర్లు. 2024 నుంచి స్పాటిఫైలో ఏడాదికి కనీసం 1000 సార్లు వినని పాటకి ఆ రికార్డింగు సొమ్ము కూడా లేదు. అదే ఒక మనిషి బ్యాండ్‌క్యాంప్‌లో పది డాలర్లకి ఆల్బమ్ కొంటే, ఆ సైట్ వాటా 15 శాతం, తర్వాత కార్డు ఖర్చులు పోతాయి, మిగిలినది పాటగాడిదే. ఒకసారి వినిపోయిన వెయ్యిమంది కంటే, స్నేహితుణ్ణి వెంటేసుకుని మళ్ళీ వచ్చిన నలభైమంది విలువైనవాళ్ళు.

మూడో గడి: పక్కన వాయించేవాళ్ళూ, పైనున్న పెద్దలూ. మన పొరుగున మెబేన్‌లో జో థాంప్సన్ అనే వృద్ధ నల్లజాతి ఫిడేలు విద్వాంసుడు ఉండేవారు. 2005లో ముగ్గురు యువకళాకారులు వారం వారం ఆయన ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని నేర్చుకున్నారు. మన గురుకులమే! వాళ్ళే కరోలినా చాక్లెట్ డ్రాప్స్. 2011లో గ్రామీ అందుకున్నారు. వారిలో ఒకరైన రియానన్ గిడెన్స్‌కి "ఒమర్" ఆపెరాకి గాను మైకేల్ ఏబెల్స్‌తో కలిపి 2023లో పులిట్జర్ కూడా వచ్చింది. వేళ్ళ పాట పాడదలచినవాడు ఏడాదిలో ఏ పెద్దాయన దగ్గర కూర్చున్నాడో అడగాలి. మావాడు ప్రతి ఆదివారం ఒంగోలులో ఉన్న మా అమ్మకి వీడియో కాల్ చేసి, పొగాకు గ్రేడింగు ఆడవాళ్ళు పాడుకున్న పాటలు చెప్పించుకుంటున్నాడు. "అమ్మమ్మా, ఆ చరణం ఇంకోసారి" అని వాడంటే, "నీ తెలుగు తగలెయ్య, ముందు పలకడం నేర్చుకో" అని ఆవిడంటుంది. ఆ గడిలో వాడికి మంచి మార్కులే పడుతున్నాయి.

నాలుగో గడి: ఒళ్ళు. ఇది పెద్దలం తప్పకుండా అడగాల్సింది. వాయించే చోటల్లా బార్లే, పని మొదలయ్యేది రాత్రిపూట. బార్‌హమ్ కూడా 2014లో మందు మానేశాకనే నిలకడగా నిలబడ్డాడు, ఆ సంగతి తనే బాహాటంగా చెబుతాడు. ఇంకో మాట. 2010 చట్టం ప్రకారం పిల్లలకి 26 ఏళ్ళు వచ్చేదాకా తల్లిదండ్రుల హెల్త్ ఇన్సూరెన్సులో ఉండవచ్చు. ఏడాది గడువు ఇవ్వదలిస్తే ఆ వయసు లోపలే ఇవ్వడం తెలివి. హెచ్-1 వీసా మీదున్నవాళ్ళు మాత్రం డబ్బు తీసుకుని కచేరీలు చేయకూడదు, లాయరుని అడగకుండా ఒప్పుకోవద్దు.

మరి మావాడి పుస్తకంలో ఏముంది? ఏడు నెలలయింది. ఇరవై మూడు కచేరీలు. మొదటిదానికి పదకొండుమంది వచ్చారు, అందులో నలుగురం మేమే. మొన్నటిదానికి అరవైమంది, వాళ్ళలో పదిహేనుమందిని వాడు పేరుపెట్టి పలకరించాడు. తొమ్మిది పాటలూ వాడి పేరు మీదే రిజిస్టరయ్యాయి. డ్రమ్మరు ఇద్దరు మారారు. డబ్బు లెక్కలో మాత్రం పెట్రోలూ, స్టూడియో ఖర్చూ పోను నాలుగు వేల డాలర్లు నష్టం. బావగారు ఆ చివరి అంకె కింద ఎర్ర గీత గీశారు. మా అక్క మాత్రం ఇప్పుడు, "ఈ వారం ఎంతమంది వచ్చార్రా?" అని అడుగుతోంది. ఆగస్టులో గడువు ముగుస్తుంది. అప్పుడు ఉద్యోగమా, పాటా, రెండూనా అన్నది వాడే తేల్చుకుంటాడు. ఏది తేల్చుకున్నా, ఎదురుగా నాలుగు గడులు పెట్టుకుని తేల్చుకుంటాడు.

పెద్దలకి ఒక మనవి చేసి ముగిస్తాను. మన మహాసభలకి సినిమా గాయకుల్ని విమానాల్లో రప్పిస్తాం. మంచిదే, రప్పిద్దాం. దానితోపాటు ఇక్కడ పుట్టిన పిల్లలు తాము రాసుకున్న పాట పాడుకోవడానికి ఒక అరగంట కేటాయిద్దాం. మధ్యాహ్నం భోజనాల వేళ ఖాళీ కుర్చీల ముందు కాదు, జనం ఉన్నప్పుడు. శాలువా కప్పి పంపెయ్యకుండా చెక్కు కూడా ఇద్దాం. వాళ్ళ పుస్తకంలో రెండో గడి నిండాలంటే వినేవాళ్ళు కావాలి కదా, ఆ వినేవాళ్ళం మనమే.