శిబిరం వెళ్లిపోయిన తరువాత కంటి సంగతి

(గట్టు మండల కేంద్రంలో ముస్లిం కుటుంబాల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

కంటి వైద్యం గురించి మాట్లాడమని నన్ను కోరారు. నేను వైద్యుడిని కాను. ముప్పై యేళ్లకు పైగా సర్కారు కచేరీలో గుమాస్తాగా ఉండి కాగితాలు కదిపినవాడిని. కనుక జబ్బుల సంగతి కొద్దిగా, కాగితాల సంగతి ఎక్కువగా చెబుతాను. మన మండలంలో కంటి చూపు చాలావరకు కాగితాల దగ్గరే ఆగిపోతున్నదని నా అభిప్రాయం.

కంటి వెలుగు మీ అందరికీ గుర్తుంది. మొదటి విడతను 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో, రెండవ విడతను 2023 జనవరి 18న ఖమ్మంలో నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారు ప్రారంభించారు. రెండవ విడతలో 1500 బృందాలు 100 పనిదినాల పాటు రాష్ట్రమంతా తిరిగాయి. ఒక్కొక్క విడతలో కోటిన్నరకు పైగా జనానికి పరీక్షలు జరిగాయి. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే ఇచ్చారు, దూరపు చూపు అద్దాలను కొలత ప్రకారం చేయించి తరువాత ఇంటికి పంపారు. కార్డు తెల్లదా, గులాబీదా అని అడగలేదు. అంత పెద్ద పని మన కళ్లముందు జరిగింది. రాజకీయంగా ఎవరికి ఏ అభిప్రాయమున్నా ఆ మేలును ఒప్పుకోవాలి.

అయితే 2023 జూన్‌లో ఆ బల్లలు, యంత్రాలు వెళ్లిపోయాయి. కన్ను మాత్రం ఆ తేదీతో ఆగలేదు. నలభై దాటిన మనిషికి దగ్గరి చూపు యేటేటా తగ్గుతూనే ఉంటుంది. ఎదిగే బిడ్డకు అద్దాల కొలత ఏడాది తిరిగేసరికి మారవచ్చు. జోడు కింద పడి పగులుతుంది, మేక తొక్కుతుంది, చిన్నపిల్లవాడు విరుస్తాడు. శిబిరం జరిగినప్పుడు మన కుటుంబాలలో కొన్ని బెంగళూరు, హైదరాబాదు పనులకు వలసపోయి ఉన్నాయి. వాళ్లు తిరిగి వచ్చేసరికి శిబిరం లేదు. అప్పుడు ఇచ్చిన అద్దాలను రబ్బరు దారంతో చెవులకు కట్టుకొని నేటికీ వాడుతున్న పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. చేతులెత్తమని అడగను, నాకు కనబడుతూనే ఉన్నారు.

గుమాస్తాగా నేను నేర్చుకున్నది ఒకటి ఇక్కడ చెప్పాలి. గడువు పెట్టి నడిపే కార్యక్రమానికి గడువు తీరగానే పద్దు మూసేస్తారు. ఆ మరునాడు మీరు వెళ్లి అడిగితే ఎదుట కూర్చున్న ఉద్యోగి ఎంత మంచివాడైనా ఏమీ చేయలేడు, అతని చేతిలో ఉత్తర్వు ఉండదు. అదే పని నిత్య నిబంధనలో ఉంటే ఆ ఉద్యోగి కాదనాలన్నా కారణం రాసి కాదనవలసి వస్తుంది.

నిత్య నిబంధనలు అసలు లేవా అంటే ఉన్నాయి. జాతీయ అంధత్వ నియంత్రణ కార్యక్రమం 1976 నుండి నడుస్తున్నది. 2017లో దాని పేరుకు దృష్టి లోపం అనే మాట కూడా చేర్చారు. అదే యేడు అంధత్వం నిర్వచనాన్ని మార్చారు. అంతకుముందు మామూలు మనిషి 60 మీటర్ల నుండి చూడగలిగిన దానిని 6 మీటర్ల దగ్గరకు వస్తే తప్ప చూడలేనివారి వరకు అంధుల లెక్కలో చేర్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కకు సరిపోవాలని ఆ 6ను 3 చేశారు. ఒక ఉత్తర్వుతో ఎంతోమంది అంధుల లెక్కలో నుండి బయటికి వచ్చారు. వారి చూపు మాత్రం ముందురోజు ఎంతో మరునాడూ అంతే. నిబంధనలో ఒక్క అంకె మారితే ఎంత మారుతుందో తెలియడానికి ఈ సంగతి చెప్పాను.

ఇక అద్దాల ధర. పన్నెండవ పంచవర్ష ప్రణాళికలో బడిపిల్లల కళ్లజోడుకు ఆ కార్యక్రమం అనుమతించిన మొత్తం జతకు 275 రూపాయలు. తరువాత దానిని 350 చేశారు. గద్వాలలోనో, అయిజలోనో అద్దాల దుకాణానికి వెళ్లినవారికి ఆ సొమ్ముకు ఏ పాటి జోడు వస్తుందో తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుండి చూపు అద్దాలపై జీఎస్టీని 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించారు, అది మంచిదే. కాని ఏటా ధరలను చూసి మొత్తాన్ని సవరించే పద్ధతి మనకు లేదు. ఎవరికో గుర్తొచ్చినప్పుడు సవరిస్తారు.

ఈ విషయంలో బ్రిటన్ వారి ఏర్పాటు తెలుసుకోదగినది. మనకు పాలకులుగా ఉన్నవారు కనుక వారిని పొగడాలని నాకేమీ లేదు, కాగితం పని మాత్రం బాగా చేస్తారు. అక్కడి ప్రజారోగ్య సేవ మొదట్లో తానే సర్కారు కళ్లజోళ్లు ఇచ్చేది. 1986లో దానిని మార్చి కళ్లజోడు చీటీ పద్ధతి పెట్టింది. పదహారేళ్ల లోపు పిల్లలకు, పూర్తికాలం చదువుకుంటున్న పందొమ్మిదేళ్ల లోపు వారికి, తక్కువ ఆదాయం గల కుటుంబాలకు ఆ చీటీ వస్తుంది. అద్దం శక్తిని బట్టి చీటీ విలువ ఉంటుంది, ఎక్కువ పవరు కావలసినవారికి ఎక్కువ విలువ. ఆ చీటీ తీసుకొని ఇష్టమైన దుకాణానికి పోవచ్చు. ఖరీదైన ఫ్రేము కావాలంటే మిగిలిన డబ్బు తానే పెట్టుకోవచ్చు. పరీక్ష చేసినవారు కొలత కాగితం చేతికి ఇచ్చి తీరాలి, తమ దగ్గరే కొనమని బలవంతం చేయరాదు. మన దగ్గర కొన్ని దుకాణాల్లో పరీక్ష ఉచితమంటారు, కొలత కాగితం అడిగితే ముఖం మాడ్చుకుంటారు. అక్కడ చీటీల విలువను, అర్హతలను నిబంధనల సవరణ ద్వారా ఎప్పటికప్పుడు మారుస్తూ ఉంటారు, ఆ సవరణ పార్లమెంటు ముందుకు వస్తుంది.

ఉచిత కంటి పరీక్ష ఎవరికన్న జాబితా కూడా గమనించండి. అరవై దాటినవారు, చక్కెర వ్యాధి ఉన్నవారు, నీటికాసులు ఉన్నవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో నీటికాసులు ఉండి తమకు నలభై దాటినవారు. ఈ చివరిది చాలా తెలివైన నిబంధన. నీటికాసుల జబ్బు రక్తసంబంధంలో వస్తుంది, నొప్పి లేకుండా చూపును అంచుల నుండి తినుకుంటూ వస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఇంట్లో ఒకరికి ఆ జబ్బు తేలితే మిగిలినవారిని పిలిచి చూడాలన్న నియమం మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉండాలి.

మనలను ప్రత్యేకంగా తాకే సంగతికి వస్తాను. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టినప్పటి నుండి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను పరీక్షించే బృందాలు దాని కింద తిరుగుతాయి, చూపు పరీక్ష కూడా అందులో ఉంది. అవి వెళ్లేది ఎక్కడికి? అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు, సర్కారు సాయం పొందే బడులకు. రాష్ట్రంలోని 204 మైనారిటీ గురుకులాల్లో చదివే మన పిల్లలు ఆ లెక్కలోకి వస్తారు. చందాలతో నడిచే మక్తబులో, మద్రసాలో ఉన్న పిల్లవాడు రాడు. రోజూ గంటల తరబడి సన్నని అక్షరాలు చదివేది వాడే. సబకు తప్పు చదివాడని దెబ్బలు తిన్న పిల్లల్లో ఎందరికి అక్షరం మసకగా కనబడుతున్నదో మౌల్వీ సాబ్ గారు ఒకసారి ఆలోచించాలని వినయంగా కోరుతున్నాను. వారు ఇక్కడే ఉన్నారు కనుక ధైర్యంగా అడుగుతున్నాను.

బడి మానేసిన పిల్లలదీ అదే గతి. 2011 జనగణన ప్రకారం మన గద్వాల జిల్లా ప్రాంతంలో అక్షరాస్యత 50 శాతానికి చేరలేదు. రాష్ట్రంలోనే అడుగున ఉన్నాం. గట్టును కేంద్రం ఆకాంక్షిత బ్లాకుల జాబితాలో చేర్చిందంటే వెనుకబాటు వారికీ తెలుసునన్నమాట. పత్తి విత్తన చేలలో క్రాసింగ్ పని సాగే రోజుల్లో మన బడులు ఎలా ఉంటాయో మీరు ఎరుగుదురు. ఆ నెలల్లో పరీక్ష బృందం వస్తే హాజరైనవారినే చూసి పోతుంది. హాజరు పట్టీలో ఉన్నవారందరూ చూడబడ్డారని పైకి లెక్క పోతుంది. నేను లెక్కలు రాసినవాడిని, ఆ లెక్కలు ఎలా రాస్తారో నాకు తెలుసు.

పెద్దవాళ్ల విషయంలో అద్దాలంటే కూలి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కార్మికులకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూస్తే ఆకు కోత 20 శాతానికి పైగా పెరిగిందని 2018లో ఒక అధ్యయనం తేల్చింది. బంగ్లాదేశ్ పల్లెల్లో చేసిన అధ్యయనంలో అద్దాలు అందినవారి ఆదాయం మూడోవంతు పెరిగిందని 2024లో వెల్లడైంది. మన దగ్గర మగ్గం మీద గద్వాల చీర నేసే చేనేత కార్మికుడికీ, మిషను కుట్టే ఆపాకూ, పరుపులు కుట్టే దూదేకుల అన్నకూ ఇదే వర్తిస్తుంది. సూదిలో దారం ఎక్కించడానికి మనుమడి కోసం ఎదురు చూసే దర్జీ ఆ రోజు ఎన్ని జాకెట్లు కుడుతుంది?

ఆడవారి సంగతి విడిగా చెప్పక తప్పదు. కళ్లజోడు పెడితే అమ్మాయికి సంబంధాలు రావని దాచే ఇళ్లు మన మధ్య ఉన్నాయి. నిఖా అయిన తరువాత పొయ్యి దగ్గర, బాయి దగ్గర ఆమె పడే ఇబ్బందికి ఎవరు జవాబుదారీ? అబ్బాయికి అద్దాలుంటే చదువుకున్నవాడంటారు, అమ్మాయికి ఉంటే లోపమంటారు. ఇందులో దీన్ మాట ఏదీ లేదు, మనం కల్పించుకున్న రివాజు. ఇంకొక చిన్న మాట, కోపగించుకోకండి. బజారులో అమ్మే కొన్ని రకాల సుర్మాలో సీసం ఉంటుంది. పసిపిల్లల కళ్లకు అది పెట్టవద్దు. కంట్లో నలక పడితే ఆకు పసరు పిండడం, తేనె వేయడం కూడా మానాలి.

ఇక మనం ఏమి అడగాలి? మరొక శిబిరం పెట్టమని అడగడం తేలిక. పెడితే సంతోషమే. నా మనవి ఏమంటే, ఆ అర్జీలో అంతకు మించి రాయాలి. ఊళ్లలోని ఉపకేంద్రాలను ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలంటున్నారు. అక్కడ అందించవలసిన సేవల జాబితాలో కంటి సంరక్షణ ఉంది. అది జాబితాలోనే ఉండిపోకుండా నెలలో నిర్ణీత దినాన నేత్ర సహాయకుడు గట్టుకు వచ్చి కూర్చోవాలి. పరీక్షించినవారికి కొలత కాగితం, దానితో పాటు కళ్లజోడు చీటీ ఇవ్వాలి. గుర్తించిన ఏ దుకాణంలోనైనా ఆ చీటీ చెల్లాలి, దాని విలువను ప్రతి ఆర్థిక సంవత్సరం మొదట్లో సవరించాలి. పిల్లల జోడు విరిగితే మరొకటి ఇచ్చే వీలుండాలి. గుర్తింపు ఉన్నా లేకున్నా మద్రసాలు, మక్తబులు పరీక్ష బృందాల జాబితాలోకి రావాలి, పిల్లవాడి కన్నుకు గుర్తింపు పత్రంతో పనిలేదు. ఆడవారికి ఆడ ఉద్యోగి చేత పరీక్ష జరగాలి. ఉర్దూ 2017 నుండి రాష్ట్రమంతటా రెండవ అధికార భాష కనుక దగ్గరి చూపు పరీక్షించే అట్ట ఉర్దూలోనూ ఉండాలి. చదువు రానివారికి కొమ్ములు ఏ దిక్కుకు ఉన్నాయో చేత్తో చూపించే అట్ట ఉంటుంది, అది ఉందో లేదో అడిగి చూడండి. శుక్లం ముదిరిందని చీటీ రాసి పంపినవారిని ఆపరేషను అయ్యేవరకు ఎవరు వెంబడించాలో కూడా నిబంధనలోనే రాయాలి. లేకపోతే ముసలి తల్లి గద్వాలకు ఒకసారి పోయి, రేపు రమ్మంటే తిరిగి వచ్చి, మళ్లీ పోదు. బస్సు ఖర్చు ఆమెది, వెంట వెళ్లిన కొడుకు కూలి కూడా పోయింది.

ఇవన్నీ గొంతెమ్మ కోరికలు కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న అనంతపురంలో మొదలుపెట్టిన కంటి వెలుగులో ముందుగా బడిపిల్లలందరినీ చూశారు. బ్రిటన్‌లోనే స్కాట్లాండ్ ప్రాంతం 2006 నుండి అందరికీ కంటి పరీక్ష ఉచితం చేసింది. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదట ప్రయోగించిన మూడు జిల్లాల్లో మన పాత మహబూబ్‌నగర్ ఒకటి. ఆ రోజు మన దగ్గర మొదలుపెట్టి చూసినవారు కళ్లజోడు చీటీని కూడా ఇక్కడ మొదలుపెట్టి చూడవచ్చు.

అర్జీ ఎవరికి ఇవ్వాలి అన్న ప్రశ్న వస్తుంది. అంధత్వ నియంత్రణ నిధులు జిల్లా ఆరోగ్య సంఘం ద్వారా వస్తాయి, దానికి కలెక్టరు గారు అధ్యక్షులు. అందువల్ల ఒక ప్రతి సోమవారం ప్రజావాణిలో కలెక్టరు గారికి, ఒకటి జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, ఒకటి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి. ప్రతిచోటా రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వని అర్జీతో సమానం. ఖర్చుల ప్రణాళిక పైకి పోకముందే ఇవ్వాలి, పోయిన తరువాత ఇస్తే వచ్చేసారి చూద్దామంటారు.

అర్జీతో పాటు సమాచార హక్కు దరఖాస్తు కూడా వేద్దాం. గత మూడేళ్లలో మన మండలంలో ఎంతమంది పిల్లల కళ్లు చూశారు, ఎన్ని జోళ్లు ఇచ్చారు, ఎన్ని మద్రసాలకు వెళ్లారు అని మూడే ప్రశ్నలు. మండల స్థాయి కార్యాలయానికి రుసుము 5 రూపాయలు, జిల్లా కార్యాలయానికి 10 రూపాయలు, పేదరిక రేఖకు దిగువన ఉన్నట్టు కాగితం జతచేసినవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. ప్రశ్నలో ‘ఎందుకు’ అని రాయకండి. దగ్గర ఉన్న సమాచారం ఇవ్వడమే తమ పని, కారణాలు చెప్పడం కాదని తిప్పి పంపుతారు. ‘ఎన్ని’, ‘ఎప్పుడు’, ‘ఏ ఉత్తర్వు ప్రకారం’ అని రాయండి.

ఈలోగా మన చేతిలో ఉన్న పని కొంత ఉంది. ప్రతి మసీదు కమిటీ తన మొహల్లాలో బడికీ మద్రసాకూ పోయే పిల్లల పేర్లు, చక్కెర వ్యాధి ఉన్నవారి పేర్లు, ఇంట్లో నీటికాసులు ఉన్నవారి పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. బృందం వచ్చిన రోజున మనవారు ఎంతమంది అని ఎవరూ అంచనా వేయనక్కరలేదు, పుస్తకం చూపిస్తాం.

అర్జీ ప్రతులు తలుపు దగ్గరి బల్ల మీద ఉన్నాయి. సంతకం కింద ఊరి పేరు, ఇంట్లోని పిల్లల సంఖ్య రాయండి. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. దగ్గరి అక్షరం కనబడనివారికి మా మనుమరాలు అక్కడే కూర్చొని చదివి వినిపిస్తుంది, పూర్తిగా విన్న తరువాతనే వేలు పెట్టండి.