మూలనపడిన కుట్టు మిషను



నేటి ప్రసంగ విషయము పాత కుట్టు మిషను. రజతోత్సవ సభలో ఈ విషయమేల అని కొందరికి తోచవచ్చును. శ్రీకాకుళము జిల్లా పల్లెలలో వసారా మూలనో, అటక మీదనో గోనెపట్టా కప్పుకొనియున్న నల్లని మిషనులు నేటికిని కనబడును. వానిని ఇనుపసామానువానికి తూకమున కిచ్చువారు కొందరు. పాతది గనుక లక్షలు పలుకునని దాచువారు మరికొందరు. ఈ యిరువురును దాని అసలు విలువను విడిచిపెట్టుచున్నారు. బాగుపడిన మిషను రవికలు, లంగాలు కుట్టి నాలుగు రూపాయలు తెచ్చు పనిముట్టు. క్రొత్తది కొనలేని యింటికి అదియే గతి.

అమెరికాలో ఎలియాస్ హో 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను కుట్టు మిషనులకు పేటెంట్లు పొందిరి. 1856లో సింగరు కంపెనీ వాయిదాలపై అమ్మకము ప్రారంభించుటతో అది సామాన్య గృహములకు చేరెను. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో 1885లో తెరచిన వారి మహా కర్మాగారము 1980లో మూతపడెను. ఈ దేశములో కలకత్తా నుండి ఉషా మిషను 1935లో వెలువడెను. యంత్రవ్యామోహమును నిరసించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో రామచంద్రన్ అను విద్యార్థితో మాటలాడుచు సింగరు మిషనును మినహాయించెను. భార్య కష్టము చూడలేక సింగరు దానిని నిర్మించెనని ఆయన చెప్పిన కారణము. సింగరు జీవితచరిత్ర చదివినవారు ఆ మాటను నమ్మజాలరు గాని, మినహాయింపు మాత్రము సమంజసమే. పొందూరు ఖద్దరు నేసిన చేతులకు, దానిని చొక్కాగా కుట్టు మిషనుకు వైరము లేదు.

ఇక కొనుట. మొదట ఒక హెచ్చరిక. 2009 ఏప్రిలులో సౌదీ అరేబియాలో సింగరు మిషనులలో ‘ఎర్ర పాదరసము’ ఉన్నదను వదంతి పుట్టి, జనులు పాత మిషనులకై ఎగబడి వేలకు వేలు పోసిరి. అట్టి పదార్థము మిషనులో లేదు. అందున్నది ఇనుము, ఉక్కు, కొద్దిపాటి నూనె. అట్టి కబురుతో వచ్చినవానికి బయానా ఇయ్యరాదు. మిషను పాదముమీద చెక్కిన అంకె వలన తయారైన కాలము తెలియును. ‘వై’ అక్షరముతో మొదలగు సింగరు అంకెలు 1922, 1935 సంవత్సరముల మధ్యవి. ఆ పట్టికలు ఇంటర్నెట్టులో లభించును. గ్రంథాలయములో ఫోను చేతనున్న యువకుడెవడైనను అడిగినవారికి చూచి చెప్పవచ్చును. అయితే అంకె కాలమును చెప్పునే గాని ధరను చెప్పదు.

ధరను నిర్ణయించునది సూదిక్రింది భాగము. జారుడు రేకును ప్రక్కకు తీసి చూడవలెను. లోపల పడవవంటి షటిలు, సన్నని పొడుగాటి బాబిను ఉన్నచో అది మిక్కిలి పాత తరగతి; ఆ షటిలు పోయినదా, దొరకుట కష్టము. గుండ్రని బాబినుతో 15వ తరగతి పద్ధతిలో ఉన్నచో భయము లేదు. లూధియానాలో తయారగు నల్ల మిషనులు ఆ పద్ధతివే గనుక విడిభాగములు పట్టణపు దుకాణములలో దొరకును. బంగారు పువ్వుల అందమునకు మురిసి షటిలు చూడక కొనువారే ఎక్కువ!

చక్రము బిగిసిపోయినదని వెనుదీయరాదు; అది ఎండిన నూనె పని కావచ్చును. చక్రము తిరుగుచు సూది కదలనిచో చక్రము నడుమనున్న గుండ్రని మర వదులై యుండును. దానిని బిగించిన చాలును; ఈ చిన్న విషయము తెలియక మిషను చెడినదని అమ్మినవారి నుండి తక్కువ ధరకు కొన్నవాడు అదృష్టవంతుడు. పోతయినుము చిట్లినచో మాత్రము మారుమాటాడక తిరిగి రావలెను. తోలు బెల్టు తెగుట, బల్ల చెదపట్టుట స్వల్పము. బేరమునకు పోవునపుడు ఒక సూది, దారము, గుడ్డముక్క వెంట తీసికొనిపోవుట మేలు.

బాగుచేయుటలో తొందర పనికిరాదు. సముద్రపు గాలి తగులు ఈ తీరమున తుప్పు సహజము. 2018 అక్టోబరు 11న పలాస సమీపమున తీరము దాటిన తిత్లీ తుపాను వంటి వానకు తడిసిన మిషనునైనను వెంటనే తుడిచి, ఆరబెట్టి, నూనె వేసినచో దక్కించుకొనవచ్చును. మొదట బ్రష్షుతో పళ్ళనడుమ పేరుకొన్న పీచును తీయవలెను. పిమ్మట నూనె రంధ్రములలోను, కదలు కీళ్ళలోను కిరోసిను చుక్కలు వేసి రాత్రియంతయు ఉంచవలెను, పొయ్యికి దూరముగా. మరునాడు చక్రమును బలవంతము చేయక ముందుకు వెనుకకు కదల్చిన నల్లని జిగురు కారును. తుడిచి మరల వేయవలెను. రెండు మూడు దినములు పట్టినను పట్టవచ్చును. శుభ్రపడిన పిదప మిషను నూనెయే వేయవలెను. కొబ్బరినూనె, వేరుసెనగనూనె పోసిన ఇండ్లలోనే మిషనులు బిగిసిపోవుట. అవి ఎండి బంక యగును.

పువ్వులమీది పూత లక్క. స్పిరిటు గాని, థిన్నరు గాని తగిలినచో బంగారమంతయు గుడ్డకు వచ్చును. మిషను నూనెతో తడిపిన మెత్తని గుడ్డ చాలును. క్రొత్త నలుపురంగు వేయించుట పలువురు చేయు పని గాని, కదలు భాగములలో రంగు చిక్కి కుట్టు చెడుటయే దాని ఫలము.

కుట్టు క్రిందివైపు ఉచ్చులు పడుచున్నచో ఆడువారు, మగవారు అందరును మొదట బాబినుకేసు మరనే త్రిప్పుదురు. లోపము తరచుగా పైదారమున నుండును. దారము మరల ఎక్కించి, బిగుతు రేకుల నడుమ పీచు తీసి, క్రొత్త సూది పెట్టి చూడవలెను. సూదికి పొడుగు గాడి ఉన్న వైపునుండియే దారము పోవలెను. పొందూరు సన్నఖద్దరునకు 11వ నంబరు సూది సరిపోవును. మందపు సూది పెట్టినచో రంధ్రములు కనబడును.

బాగుపడిన మిషను కొన్ని దినములపాటు నూనె కక్కును. అంతవరకు పాత పంచెలను, దిండుగలీబులను కుట్టుకొని, గుడ్డమీద మరక పడుట మానిన తరువాతనే ఊరివారి రవికలు చేపట్టవలెను.