మధురవాడలో కొనాలా, గాజువాక వైపు అద్దెకుండాలా? మా ఇంట్లో నాలుగు నెలలు నడిచిన గొడవ

ఈ ఎపిసోడ్ కొంచెం పర్సనల్. "బ్రో, వైజాగ్‌లో ఇల్లంటే ఏ ఏరియా బెటర్?" అని నన్ను చాలామంది అడుగుతుంటారు. మొన్నటిదాకా నేనూ టకటకా మధురవాడ అని చెప్పేసేవాణ్ణి. ఈ మధ్య నా సొంత డబ్బుతో ఆ ప్రశ్న ఎదురైంది. అప్పుడు తెలిసింది, అంత తేలిగ్గా చెప్పేది కాదని.

ముందు మా పరిస్థితి చెప్తాను, ఎందుకంటే అది తెలియకుండా నా జవాబు మీకు పనికిరాదు. మాది కోటబొమ్మాళి. బీటెక్ అయ్యాక ఐదేళ్ళు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, మానేసి, ఈ వీడియోలు మొదలుపెట్టాను. నా భార్యకి పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం, క్వాలిటీ ల్యాబ్‌లో. అమ్మానాన్నా ఊళ్ళోనే ఉంటారు. రెండేళ్ళ క్రితం నాన్నకి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ 1.9 వచ్చింది. మా వైపు వాళ్ళకి ఆ అంకె గురించి వేరే చెప్పక్కర్లేదు. అమ్మమ్మగారిది వజ్రపుకొత్తూరు వైపు. ఆ ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు తగలని వీధి ఉండదు.

ఇక నా బుర్రలో ఒకటే లెక్క. నాన్నని వైజాగ్ తీసుకొచ్చెయ్యాలి, పెద్దాసుపత్రులకి దగ్గరగా పెట్టాలి. విమ్స్ హనుమంతవాక దగ్గర, హెల్త్ సిటీ ఆరిలోవ వైపు. రెండూ మధురవాడ నుంచి పదేసి కిలోమీటర్లలోపే. మన ఊరి నుంచి వచ్చే శ్రీకాకుళం బస్సులు కూడా హైవే మీద మధురవాడ దాటుకునే కాంప్లెక్స్‌కి వెళ్తాయి. అమ్మ బ్యాగు పట్టుకుని దిగితే ఆటోలో ఇల్లు. చూడ్డానికి కూడా బావుంటుంది. కొండలు, సముద్రపు గాలి, పక్కనే రుషికొండ ఐటీ హిల్స్, పీఎం పాలెంలో క్రికెట్ స్టేడియం. 2005లో ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టింది అక్కడే. (మ్యాచ్ ఉన్న రోజు ఆ రోడ్డు మీద మీరుంటే మాత్రం ధోనీ మీద ప్రేమ కాస్త తగ్గుతుంది.)

ఫ్లాట్ చూశాం. డబుల్ బెడ్‌రూమ్, ఏడో అంతస్తు, 62 లక్షలు. బ్రోకర్ నోరు తెరిస్తే గూగుల్. 2025 అక్టోబర్‌లో వైజాగ్‌కి 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించారు కదా, "సార్, రేపటికి రేటు ఇలా ఉండదు" అని. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి ఒక మాట చెప్తాను. డేటా సెంటర్ అంటే వేలమంది ట్యాగులు వేసుకుని పొద్దున్నే లోపలికెళ్ళే ఆఫీసు కాదు. ఎక్కువగా మెషీన్లు ఉంటాయి, కూలింగ్ ఉంటుంది, కరెంటు ఉంటుంది. దాని చుట్టూ వేరే పనులు వస్తే రావచ్చు. కానీ మీ ఫ్లాట్‌లో అద్దెకి దిగే జనం గేటు బయట నిలబడి ఉన్నట్టు ఊహించుకోకండి. ఇదంతా తెలిసి కూడా నేను 25 వేలు టోకెన్ ఇచ్చేశాను. భయం అలాంటిది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఏపీలో స్టాంప్ డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1. మొత్తం ఏడున్నర శాతం. 62 లక్షలకీ రిజిస్ట్రేషన్ చేయిస్తే 4 లక్షల 65 వేలు, ఇంట్లో ఒక్క మేకు కొట్టకముందే. 50 లక్షల లోన్, 20 ఏళ్ళు, ఎనిమిదిన్నర వడ్డీ అనుకుంటే ఈఎమ్ఐ 43 వేల పైన. మొదటి నెల కట్టేదాంట్లో 35 వేలు దాటి వడ్డీకే పోతుంది, అసలు తీరేది 8 వేలు. అదే బిల్డింగ్‌లో అదే సైజు ఫ్లాట్ అద్దె నాకు చెప్పింది 17 వేలు.

అప్పటిదాకా నా భార్య ఏమీ అనలేదు. లెక్క చూసి ఒకటే అడిగింది: "మరి నేను డ్యూటీకి ఎలా వెళ్ళాలి?"

నిజం చెప్తున్నా, అంతవరకు నేను ఆ సంగతి ఆలోచించలేదు. మధురవాడ నుంచి పరవాడ అంటే ఎండాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ, గాజువాక... ఊరు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరికి దాటాలి. ఒక సోమవారం ఇద్దరం బండి మీద వెళ్ళి చూశాం. గంటా నలభై నిమిషాలు. కూర్మన్నపాలెం నుంచి కంపెనీ బస్సులో అరగంట. రోజుకి రెండు గంటలకి పైనే తేడా. నెలకి 25 డ్యూటీలు వేసుకోండి, యాభై గంటలు. నాన్న చెకప్ ఎన్నాళ్ళకి? మూడు నెలలకి ఒకసారి. ఏడాదికి నాలుగు రోజుల ప్రయాణం తగ్గించడానికి మూడొందల రోజుల ప్రయాణం తన నెత్తిన పెడుతున్నాను.

అప్పుడు గాజువాక వైపు తిరగడం మొదలుపెట్టాం. అద్దెలు 11, 12 వేలు. మార్కెట్, బట్టల షాపులు, టిఫిన్ సెంటర్లు అన్నీ నడిచే దూరంలో. స్టీల్ ప్లాంట్ వల్ల అన్ని ఊళ్ళవాళ్ళూ అక్కడ స్థిరపడ్డారు, మన శ్రీకాకుళం యాస వీధికి నాలుగిళ్ళలో వినిపిస్తుంది. కానీ బాల్కనీలో తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి దాని మీద సన్నటి నల్ల పొడి. ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో వైపు చెయ్యి చూపిస్తారు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇల్లు ఓకే చేసే ముందు ఒక గుడ్డతో కిటికీ గ్రిల్ తుడిచి చూడండి, ఓనర్ చెప్పనిది ఆ గుడ్డ చెప్తుంది. మధురవాడలో అయితే వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి మే నెలలో వాటర్ ట్యాంకర్లు ఎన్ని వస్తాయో అడగండి. మేం అడిగితే అతను నవ్వాడు.

కొనేవాళ్ళకి ఇంకో మాట. ఆ వైపు స్టీల్ ప్లాంట్ నిర్వాసితుల కాలనీలున్నాయి, సింహాచలం వైపు పంచగ్రామాల దేవస్థానం భూముల వివాదం ఉంది. ఈసీ ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు. ఆ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, అపార్ట్‌మెంట్ అయితే రెరా నంబరు చూడండి. రెండూ ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ఊరెళ్ళే సంగతి కూడా నేను అనుకున్నంత తేడాగా లేదు. బస్సుకి మధురవాడే సుఖం, ఒప్పుకుంటా. కానీ రైలు మధురవాడకి దగ్గర్లో లేదు. గాజువాక వైపు దువ్వాడ ఉంది. వైజాగ్ స్టేషన్ లోపలికి వెళ్తే ఇంజన్ రెండో వైపుకి మార్చాలి కాబట్టి కొన్ని దూరపు రైళ్ళు లోపలికి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. కారైతే సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం బైపాస్ మీద సిటీలోకి దూరకుండానే శ్రీకాకుళం రోడ్డు ఎక్కొచ్చు.

ఇంత చేసీ అసలు మనిషిని అడగలేదు. సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నకి ఫ్లాట్ ఫొటోలు చూపించాను. చూసి, ఫోన్ తిరిగిచ్చేసి, "ఏడో అంతస్తులో కూకుని ఏటి సేత్తానురా నాను? కాకినేటి లెక్కెట్టమంటావా?" అన్నారు. నేను డయాలసిస్ మాట ఎత్తాను. ఇప్పుడు అవసరం లేదు, రేపు అవసరమైతే? వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. దానికి ఆయన దగ్గర జవాబుంది. టెక్కలి ఆసుపత్రిలో డయాలసిస్ ఉంది, మా ఇంటి నుంచి పన్నెండు పదమూడు కిలోమీటర్లు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మా వీధిలోనే ఒకాయన టెక్కలి వెళ్ళొస్తున్నారు. "ఆసుపత్రి దగ్గర్లోనే ఉందిరా. బండి మీద తీసుకెళ్ళే మనిషే లేడు" అన్నారు.

అమ్మకి బండి రాదు. నేను ఒక్కణ్ణే కొడుకుని.

తిరిగొచ్చి టోకెన్ వెనక్కి అడిగాను. రశీదు కింద చిన్న అక్షరాల్లో వాపసు ఇవ్వబడదు అని ఉంది, నేను చదవలేదు. ఆ 25 వేలు పోయాయి. నా భార్య ఇప్పటికీ ఏదైనా కొందామంటే "రశీదు చదివావా" అంటుంది.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం, 11,500, పదకొండు నెలల అగ్రిమెంట్. ఫ్లాట్ కోసం దాచిన దాంట్లోంచి ఊళ్ళో మా ఇంటికి ఫైబర్ నెట్, ఇన్వర్టర్ పెట్టించి, వెనక గదిలో ఈ మైకు, లైట్లు సర్దాను. నెలలో పది పన్నెండు రోజులు నేను ఇక్కడుంటాను, ఆ రోజులు తనక్కడ ఒక్కతే ఉంటుంది. అది తనకి ఇష్టమేం కాదు, పర్లేదని కూడా అనలేదు. అగ్రిమెంట్ అయ్యేలోపు ఇంకోసారి కూర్చుని మాట్లాడుకోవాలి.

ఈ వీడియో వెనక మేకల అరుపులు వినిపిస్తుంటే అందుకే. ఎడిట్‌లో తీసేద్దామని చూశాను, కుదరలేదు. రేపు పొద్దున్న నాన్నకి టెక్కలిలో బ్లడ్ టెస్ట్, ఖాళీ కడుపుతో ఏడింటికల్లా అక్కడుండాలి. వచ్చే ఎపిసోడ్‌లో అద్దె అగ్రిమెంట్‌లో ఏ లైన్లు కొట్టేయించాలో చూపిస్తాను, నా అగ్రిమెంటే ముందు పెట్టుకుని. ఉంటాను.