కణాన్నే అడిగే పరీక్ష



నీటికాసులు, అంటే గ్లకోమా, అనగానే అందరూ అడిగేది కంటి ఒత్తిడి ఎంత అని. 21 దాటితే భయం, లోపలుంటే ధైర్యం. రెండూ పూర్తిగా నమ్మదగ్గవి కావు. ఒత్తిడి మామూలుగానే ఉన్నా నరం దెబ్బతినే గ్లకోమా ఉంది. అందుకే చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేస్తాం. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. భోంచేసి వచ్చినాయన ఒక రకంగా నొక్కుతాడు, పొద్దున్నే వచ్చినాయన మరో రకంగా. నేనే ఒకసారి కూర్చుని, లేని చుక్కలకూ నొక్కాను! పైగా అందులో లోపం తేలేసరికే నరపు కణాలు చెప్పుకోదగ్గన్ని పోయి ఉండవచ్చు.

మరి మనిషిని అడగకుండా కణాన్నే అడిగితే? వెలుగు పడితే కంట్లో కరెంటు మారుతుందని స్వీడన్‌లో హోల్మ్‌గ్రెన్ 1865లోనే కప్ప కంట్లో చూశాడు. దానిమీద వచ్చిందే ఈఆర్‌జీ (ఎలక్ట్రోరెటినోగ్రామ్) పరీక్ష. అయితే దీపం మెరిపించి చేసే మామూలు ఈఆర్‌జీలో ఈ జబ్బు సరిగ్గా దొరకదు. గ్లకోమాలో చచ్చేవి రెటీనా చివరి వరుసలోని గాంగ్లియన్ కణాలు. కంటి నరమంటే వాటి తోకలే, ఒక్కో కంటికి సుమారు 10 లక్షలు. మెరుపుకు లేచే పెద్ద అల మాత్రం ముందు వరుసల కణాలది.

ఈ చిక్కు విడదీసింది ఇటలీలోని పీసాలో మఫ్ఫెయ్, ఫియోరెంతీని. పిల్లి కంటి నరం కోసి ఆగారు. గాంగ్లియన్ కణాలు క్షీణించాయి. దీపం మెరిపిస్తే అల ఎప్పటిలాగే వచ్చింది. నలుపు తెలుపు గీతలు ఒకదాని చోటికొకటి మారే బొమ్మ చూపిస్తే అల మాయం! మొత్తం వెలుగు అంతే ఉంది, చోట్లే మారాయి. ఆ తేడా పట్టేది గాంగ్లియన్ కణాలే. ఇది 1981 నాటి మాట.

ఇప్పుడు చదరంగం పలకలాంటి గళ్ళు చూపిస్తాం. కింది రెప్ప దగ్గర దారమంత ఎలక్ట్రోడ్ పెడతాం. వచ్చే కరెంటు కొద్ది మైక్రోవోల్టులే, రెప్ప కొడితే అందులో కలిసిపోతుంది. అందుకే వందకు పైగా అలలు తీసి సగటు కడతాం. సుమారు 95 మిల్లీసెకన్లకు రావలసిన పల్లం లోతు తగ్గితే అనుమానించాలి.

నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఒత్తిడి తగ్గించాక కొందరిలో ఈ అల మళ్ళీ పెరుగుతుంది. నారు వాడిపోవడం వేరు, ఎండిపోవడం వేరు కదండీ! వాడినదానికి నీళ్ళు పెడితే లేస్తుంది.

అలాగని ఇదొక్కటే చాలదు. శుక్లమున్నా, మాక్యులా జబ్బున్నా, వయసు పైబడినా అల తగ్గుతుంది. ఓసీటీ (రెటీనా పొరల స్కాన్), ఫీల్డ్ టెస్ట్‌ల పక్కనే దీన్ని చదవాలి.

ఈ పరీక్షకు వస్తే మీ కళ్ళద్దాలు మరచిపోకండి. గళ్ళు మసకైతే మంచి కన్ను కూడా జబ్బుదానిలా కనిపిస్తుంది. దీనికి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయం. ఇంటికెళ్ళి హాయిగా పేపరు చదువుకోవచ్చు.