పేరు, గుర్తు, వాకిలి



మన పల్లెలలో వైద్యులు రెండు తెఱగులవారు. ఒకరు మందు నిత్తురు గాని యోగమును చెప్పరు. ఆ రహస్యము వారితోనే పోవును. రెండవవారు మందిచ్చుటయే గాక, ఏ మూలిక యెంత పాలు, ఏది అనుపానము, ఎట్లు నూఱవలెను అని విప్పి చెప్పుదురు. వినినవాడు దానిని తానే చేసికొనవచ్చును, లోపమున్న దిద్దవచ్చును, పొరుగువాని కీయవచ్చును. కంప్యూటరులను నడపు సాఫ్టువేరులందును ఈ రెండు తెఱగులు కలవు. యోగమును విప్పి చెప్పు తెఱగునకు ఓపెన్ సోర్సు అని పేరు. నేడు నేను ముచ్చటింపదలచినది మందు గుణమును గూర్చి కాదు. ఆ వైద్యుని వాకిలిని గూర్చి.

కొన్ని యేండ్ల క్రిందట మేము నలుగురము మిత్రులము కూడి, కంప్యూటరుపై తెలుగు వ్రాసికొనుట కనువగు చిన్న సాఫ్టువేరు నొకదానిని చేసితిమి. దానిని ఎల్లరకు ఉచితముగ నిచ్చుటకు ఒక వెబ్‌సైటును గూడ నెలకొల్పితిమి. మా మేనమామగారు బడిపంతులుగ నుండి విశ్రాంతి గైకొన్నవారు; తెలుగున వ్రాయవలెనని వారికి మిక్కిలి కోరిక. వారికి ఆ వెబ్‌సైటు పేరు చెప్పి పంపితిని. వారము దినములకు కనబడి వా రిట్లనిరి: "ఏమిరా అబ్బాయీ, విందున్నదని పిలిచితివి. వచ్చితిని. ఇంటి చుట్టును మూడు మాఱులు తిరిగితిని. తలుపు కనబడలేదు. తిరిగి పోయితిని."

నాకు కోపము వచ్చినది. పని మంచిదైనప్పుడు పైమెఱుగు లేల అని వాదించితిని. వారు నవ్వి యూరకుండిరి. ఇంటికి పోయి మా వెబ్‌సైటును వారి కన్నులతో చూచితిని. మొదటి పుటనిండ మార్పుల పట్టికలు, మాలో మేము వాడుకొను మాటలు. ఇది యేమి, ఎవరికి, ఎట్లు తీసికొనవలెను అను మూడు సంగతులు ఎచ్చటను లేవు. మేము కట్టినది ఇల్లు కాదు, పనిముట్ల కొట్టము. ఆ దినము మొదలుకొని ఇట్టి పనులలో పెద్దలైనవా రేమి చేసిరో తెలిసికొన బూనితిని. అందు మిగుల బోధపఱచినది ఫైర్‌ఫాక్స్ కథ.

ఇంటర్నెట్టులోని పుటలను చూపు సాఫ్టువేరును బ్రౌజరందురు. అమెరికాలో నెట్‌స్కేపను సంస్థ తన బ్రౌజరు యోగమును 1998 మార్చి 31వ తేదీన లోకమునకు వెల్లడించెను. దానిపై పనిచేయుటకు ఏర్పడినదే మొజిల్లా. పెక్కేండ్లు అది పనివారి కొఱకే పనివారు చేసికొన్న వస్తువు. వారి వెబ్‌సైటును ఆ పనివారినే ఉద్దేశించి వ్రాయబడెను. ఆ కాలమున మైక్రోసాఫ్టువారి బ్రౌజరు నూటికి తొంబదిమందికి పైగా వాడుచుండిరి.

2002లో మొజిల్లా వారిలో కొందఱు తేలికయైన క్రొత్త బ్రౌజరును చేసి దానికి ఫీనిక్సని పేరిడిరి. అది బూడిదనుండి మరల పుట్టునని పాశ్చాత్యులు చెప్పుకొను పక్షి. నెట్‌స్కేపు బూడిదనుండి లేచినదని భావము. పేరు సొగసైనదే; కాని ఫీనిక్స్ టెక్నాలజీస్ అను వేఱొక సంస్థ కా పేరుపై హక్కు కలదు. 2003లో ఫైర్‌బర్డని మార్చిరి. ఈ మాఱు తగవు ధనికునితో గాదు, తోటివానితో వచ్చెను. ఫైర్‌బర్డను పేరుతో అంతకుముందే మఱియొక ఓపెన్ సోర్సు సాఫ్టువేరు కలదు. దానివారు మిక్కిలి నొచ్చుకొనిరి. బిడ్డకు రెండు మాఱులు నామకరణము చేసి రెండు మాఱులును మార్చవలసి వచ్చిన తల్లిదండ్రుల స్థితి మొజిల్లా వారికి పట్టినది. ఈ మాఱు ముందు విచారించి, 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్సని స్థిరపఱచిరి.

ఈ పేరు మన దేశమునకు కొంత చుట్టమే. సిక్కిం, అరుణాచలము మొదలగు హిమాలయ ప్రాంతములందు చెట్లపై నుండు ఎఱ్ఱ పాండా యను జంతువునకు ఇంగ్లీషున ఫైర్‌ఫాక్సని నామాంతరము. కాని గుర్తును గీసిన జాన్ హిక్స్ అను ఇంగ్లీషు చిత్రకారుడు పాండాను గీయక, నీలి భూగోళమును చుట్టుకొన్న నిప్పురంగు నక్కను గీసెను. ఎఱ్ఱ పాండాను ఎఱిగినవారు కొలదిమంది; నక్కను ఎఱుగనివారు లేరు గదా!

ఆ గుర్తు పుట్టుటకు ముందొక సంగతి కలదు. 2003లో కెనడా దేశీయుడగు స్టీవెన్ గారిటీ అను నతడు మొజిల్లావారి రూపలోపములను విమర్శించుచు ఒక వ్యాసము ప్రకటించెను. వారు అలుగలేదు. తప్పెఱిగినవాడే దిద్దగలడని తలచి, ఆ పనిని చేయు బృందమునకు అతనినే పెద్దగ రమ్మనిరి. అతడును, తోడివారును ప్రతిఫలము గోరక పనిచేసిరి. ఈ ఒక్క సంగతి కొఱకైనను ఈ కథ చెప్పదగినదని నా తలంపు. మన సంఘములలో తప్పు చెప్పినవానిని ద్వారము బయట నిలుపుట ఆచారము. లోనికి పిలిచి పని యప్పగించుట అరుదు.

2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్స్ మొదటి పూర్ణరూపము వెలువడెను. ప్రకటనల కొఱకు ధనము లేదు. వాడువారే చందాలు వేసికొని, డిసెంబరు 16న న్యూయార్కు టైమ్స్ పత్రికలో రెండు నిండు పుటల ప్రకటన వేయించిరి. అందు చందాదారుల పేర్లు సుమారు 10,000 చిన్న యక్షరములతో అచ్చుపడెను. గుడి గోడపై దాతల పేర్లు చెక్కించుట మన మెఱిగినదే. 2005 అక్టోబరు నాటికి, ఏడాది తిరుగక మున్నే, ఆ బ్రౌజరును దింపుకొనుట పదికోట్ల మాఱులు జరిగెను.

ఇంతవఱకు తీపి. ఇక చేదు. యోగము అందఱిది, మఱి పేరెవ్వరిది? గుర్తెవ్వరిది? పేరునకు కాపు లేనిచో దుష్టులు దొంగమందునకు అదే చీటీ యంటించి యమ్మవచ్చును. కావున మొజిల్లావారు పేరును, గుర్తును తమ హక్కుగ నుంచుకొనిరి. డెబియన్ అను మఱియొక స్వేచ్ఛా సాఫ్టువేరు సమాజమువారు ఫైర్‌ఫాక్సును తమ పద్ధతికి తగినట్లు దిద్దుకొని పంచుచుండిరి. కాని స్వేచ్ఛ లేని గుర్తును పెట్టుకొనుట వారి నియమమునకు విరుద్ధము. 2006లో వివాదము ముదిరెను. డెబియనువారు పేరు విడిచి, అదే సరకును ఐస్‌వీజిలను పేరుతో పంచిరి. నిప్పుకు మంచు, నక్కకు ముంగిసవంటి జంతువు! పదియేండ్ల తరువాత, 2016లో, సంధి కుదిరి పాతపేరు మరల వచ్చెను. ఇరువురును ధర్మము పలికినవారే. ఉమ్మడి సొత్తునకు పేరు పెట్టువారు ఈ చిక్కును ముందే యోచింపవలెను.

అదే 2016లో మొజిల్లావారు తమ సంస్థ రూపమును మార్చదలచి, చిత్తుప్రతులను బహిరంగముగ నుంచి, లోకుల యభిప్రాయముల నడిగిరి. మెచ్చినవారును, తిట్టినవారును వ్రాసిరి. అయినను ఓట్లు లెక్కింపలేదు. అందఱి మాటయు వినిరి, నిర్ణయము మాత్రము బాధ్యత గలవారే చేసిరి. 2017 జనవరిలో ప్రకటించిన ఆ గుర్తును గూడ 2024 డిసెంబరులో మార్చిరి. పెద్ద యింటికిని వెల్ల మాటిమాటికి వేయవలసియే యుండును.

గుర్తే గెలిపించునని మాత్రము భ్రమపడరాదు. 2008లో గూగులువారి క్రోమ్ వచ్చినపిదప ఫైర్‌ఫాక్సు వాడువారి పాలు క్రమముగ తగ్గెను. నక్క అందము తగ్గలేదు; పోటీ పెరిగినది. వాకిలి అతిథిని లోనికి తెచ్చును. నిలుపవలసినది లోపలి వంట.

ఇక మా సంగతి. మా వెబ్‌సైటు మొదటి పుటను చెఱిపి, పైన మూడే వాక్యములు తెలుగున వ్రాసితిమి: ఇది తెలుగు వ్రాయు సాధనము, వెల లేదు, ఇచ్చట నొక్కి తీసికొనుడు. పట్టికలన్నియు లోపలి గదికి పోయినవి. వాటిని గీచి చక్కబఱచిన యువకుడు ఒక్క పంక్తి సాఫ్టువేరు వ్రాయనివాడు. అతని పేరును మాపేర్ల సరసనే వేసితిమి. వేయుటకు మాలో నొకడు సందేహించెను. ఆ యొకడను నేనే యని యొప్పుకొనుట ధర్మము.

మామయ్యగారికి మరల చెప్పి పంపితిని. నాలుగు దినములకు తెలుగున టైపుచేసిన చిన్న జాబు వచ్చినది. అందు మూడు అక్షరదోషములును, ఒక్క వాక్యమును కలవు: "తలుపు కనబడినది, గడియ కొంచెము బిగువు." ఆ గడియను గూడ సడలించితిమి.

మీ గ్రామమున గ్రంథాలయమో, పాలసంఘమో, ఉచిత వైద్యశాలయో ఉండును. దానిలోనివారికి అంతయు తెలియును గనుక, బయటివారికిని తెలియునని తలంతురు. ఒకనాడు క్రొత్తవాని నొకని వెంటబెట్టుకొని వీధిలో నిలిచి, ఆ బోర్డు నతనిచే చదివింపుడు. అతడు తడుముకొన్నచో కోపింపకుడు. ఆ తడుముకొనుటయే మీకు దొరకిన విమర్శ వ్యాసము.