ఎద్దు తల నుండి పుట్టిన అక్షరము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము నెలకొని ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుటకు నాకు అవకాశమొసగిన మీకు కృతజ్ఞుడను. ఏమి మాటాడవలెనా యని యోచించుచుండగా ఇచ్చటి రాత్రిబడికి వచ్చు ఒక వృద్ధ కర్షకుడు నాకు దారి చూపెను. పలకపై తన పేరు వ్రాయనేర్చిన నాటి సాయంకాలమున ఆయన, “పంతులుగారూ, ఈ అక్షరాలు ఎవరు చేసినారు? మా బోటివాళ్ల కోసం చేసినవేనా ఇవి?” అని యడిగెను. ఆనాడు నేను తగిన బదులు చెప్పలేకపోతిని. నేటి నా ప్రసంగము ఆ ప్రశ్నకు జవాబు.

లోకమందలి లిపులన్నిటి కథ ఒక సభలో చెప్పుట అలవికాని పని. కావున ఒక్క అక్షరమును మాత్రము పట్టుకొందును. హీబ్రూ, అరమాయిక్, ఫినీషియన్, అరబ్బీ మొదలగు భాషలను సెమిటిక్ భాషలందురు. వాని అక్షరమాలలో మొదటి అక్షరమును హీబ్రూవారు ‘అలెఫ్’ అనియు, అరబ్బులు ‘అలిఫ్’ అనియు పిలుతురు. తెలంగాణమున ఉర్దూ బడులలో చదివిన మన పెద్దలు ‘అలిఫ్, బే’ యని చదువు మొదలిడినది దీనితోనే.

అలెఫ్ అనగా నేమి? ప్రాచీన సెమిటిక్ భాషలలో ఆ మాటకు ఎద్దు అని యర్థము. రెండవ అక్షరమగు ‘బేత్’ అనగా ఇల్లు. ఈ రెండు పేర్లే గ్రీకుల నోట ‘ఆల్ఫా’, ‘బీటా’లయ్యెను. వాని నుండియే ఇంగ్లీషువారి ‘ఆల్ఫబెట్’ అను మాట పుట్టినది. కాబట్టి పెద్ద చదువులు చదివినవారు ‘ఆల్ఫబెట్’ అనునప్పుడెల్ల, తెలియకయే ‘ఎద్దు-ఇల్లు’ అని పలుకుచున్నారన్నమాట! రైతునకు ఇంతకంటె దగ్గరి మాటలేవి?

ఈ అక్షరపు తొలి రూపము ఎడారిలో దొరికినది. ఈజిప్టు తూర్పు భాగమందలి సీనాయి ద్వీపకల్పమున సెరాబిత్ ఎల్ ఖాదిమ్ అను కొండ గలదు. అచ్చట ప్రాచీన ఈజిప్టు రాజులు నీలిపచ్చని ఫిరోజా రాళ్లను త్రవ్వించిరి. హాథోర్ అను దేవతకు అచ్చటనే గుడి కట్టించిరి. 1905లో ఫ్లిండర్స్ పెట్రీ అను పురాతత్త్వజ్ఞుడు ఆ గనులయొద్దను, గుడియొద్దను వింతయైన చెక్కడములను కనుగొనెను. అవి ఈజిప్టువారి బొమ్మల లిపిని పోలియున్నను, ఆ భాష కావు. 1916లో ఆలన్ గార్డినర్ అను పండితుడు వానిలోని ముడి విప్పెను. ఇల్లు, కన్ను, ములుకోల, శిలువవంటి గుర్తు అను నాలుగు బొమ్మలు ఒకే వరుసలో పలుమారు వచ్చుట గమనించి, వాని సెమిటిక్ పేర్ల మొదటి ధ్వనులను కూర్చి చదువగా ‘బాలత్’ అను మాట వచ్చినది. ‘దొరసాని’ యని దానియర్థము. హాథోర్ దేవతను సెమిటిక్ జనులు పిలిచిన పేరది! ఆ చెక్కడములలో కొమ్ములతో కూడిన ఎద్దు తల కూడ గలదు. అదియే మన అలెఫ్.

ఈ కిటుకు మన భాషలో చెప్పినచో తేటపడును. ఎద్దు తల గీసి దానిని ‘ఎద్దు’ అని చదువక ‘ఎ’ యని మాత్రమే చదువుడు. ఇల్లు గీసి ‘ఇ’ యని చదువుడు. ఇంతే! ఈజిప్టువారి లిపిలో వందలకొలది బొమ్మలుండెను. వానిని నేర్చుట ఏండ్ల తరబడి శ్రమ. అందుచే చదువు కొలది లేఖకుల సొత్తయ్యెను. క్రొత్త పద్ధతిలోనో, ముప్పదికి మించని గుర్తులు చాలును.

ఇది జరిగినది క్రీస్తుకు పూర్వము రెండవ సహస్రాబ్ది తొలి భాగమున. ఆ గనుల పనిలో సెమిటిక్ జనులు పాల్గొనినట్లు ఈజిప్టు శాసనములే చెప్పుచున్నవి. ఈజిప్టు లిపిని చదువనేరని ఆ పనివారే, దాని బొమ్మలను చూచి, తమ మాటలకు తగినట్లు ఈ ఉపాయము పన్నిరని కొందరు పండితుల మతము. ఈజిప్టు లేఖకులతో పరిచయముగలవారు చేసిరని మరికొందరందురు. ఎవరి మాట నిజమైనను, ఏ దొరయో ఆస్థానమున కూర్చుండి దీనిని శాసించినట్లు జాడ లేదు. గని గోడలపై, గుడిలోని చిన్న మ్రొక్కుబడి విగ్రహములపై, దేవతను వేడుకొనువారి చేతివ్రాతగా ఇది మనకు కనబడుచున్నది.

పిమ్మట ఎద్దు తల దేశాటనము సాగించెను. త్వరగా వ్రాయువారి చేతులలో కన్ను, ముక్కు మాసి, మూడు గీతలు మిగిలెను. ఫినీషియన్ వర్తకుల 22 అక్షరములలో అది ప్రక్కకు ఒరిగెను. గ్రీకుల చేతిలో మరికొంత తిరిగి కొమ్ములు క్రిందికి వచ్చెను. మీ పిల్లల ఇంగ్లీషు వాచకమందలి పెద్ద ‘ఏ’ అక్షరమును తలక్రిందులుగా పట్టి చూడుడు. రెండు కొమ్ముల ఎద్దు నేటికిని మీ వంక చూచును!

రూపమువలెనే ధ్వనియు మారినది. సెమిటిక్ భాషలలో అలెఫ్ అచ్చు కాదు, హల్లు. దగ్గబోవునప్పుడు గొంతు ఒక్క క్షణము బిగిసి వదలునే, అట్టి బిగువే దాని ధ్వని. ఈ ధ్వనిని అక్షరముగా వ్రాయవలసిన యవసరము గ్రీకులకు లేదు. కాని వారికి అచ్చులు కావలసివచ్చెను. అందుచే క్రీ. పూ. ఎనిమిదవ శతాబ్ది నాటికే వారు దీనిని ‘అ’ అను అచ్చునకు వాడుకొనిరి.

అరబ్బీలో అలిఫ్ నిలువు గీతగా మారి, ముఖ్యముగా ‘ఆ’ యను దీర్ఘమును తెలుపుచున్నది. దాని మహిమ చూడుడు. వ్రాతకు సంబంధించిన మాటలలో క, త, బ అను మూడు హల్లులు వచ్చును. తకారము పిమ్మట అలిఫ్ నిలిపిన ‘కితాబ్’, అనగా పుస్తకము. అదే అలిఫ్‌ను కకారము ప్రక్కకు జరిపిన ‘కాతిబ్’, అనగా వ్రాయువాడు. అలిఫ్ లేకున్న ‘కుతుబ్’ అని చదువవచ్చును, అనగా పుస్తకములు. గ్రంథాలయమునకు ఉర్దూలో ‘కుతుబ్‌ఖానా’ యను పేరు దీనినుండియే. 1891లో హైదరాబాదున వెలసిన ఆసఫియా గ్రంథాలయము ఆ పేరుతోనే ప్రసిద్ధి చెందినది.

అలెఫ్ అంకెగా కూడ పనిచేసినది. హీబ్రూలోను, అరబ్బుల అబ్జద్ లెక్కలోను దాని విలువ ఒకటి. జర్మనీ గణితజ్ఞుడు గియోర్గ్ కాంటర్ 1895లో అనంతమైన సంఖ్యలను గుర్తించుటకు ఈ అక్షరమునే ఎన్నుకొనెను. ఒకటి మొదలు అంతులేని లెక్క దాకా ఆ ఎద్దే కాడి మోయుచున్నది.

మనకు దీనితో చుట్టరికము గలదా? అశోకుని శాసనములు కొన్ని తక్షశిలలోను, కాందహారులోను అరమాయిక్ లిపిలో దొరికినవి. మన దేశపు వాయవ్యమున వాడిన ఖరోష్ఠి ఆ లిపినుండియే వచ్చెనని పలువురంగీకరించిరి. మన తెలుగు లిపికి మూలమైన బ్రాహ్మి విషయమున మాత్రము వివాదము తెగలేదు. దాని ‘అ’కారమునకు అలెఫ్ మూలమని బ్యూలర్ పండితుడు వాదించెను. అది ఈ దేశముననే పుట్టినదని మరికొందరు వాదించిరి. 1892లో భట్టిప్రోలు స్తూపమున దొరికిన ధాతుకరండములపై మీరు చూడగల అక్షరములు ఆ బ్రాహ్మియే. గర్వమునకై ఒక పక్షము పట్టుటకంటె ఋజువులకై వేచియుండుట విద్యావంతుల ధర్మము.

ఇప్పుడు ఆ వృద్ధునకు నా జవాబు. అయ్యా, మీరడిగిన అక్షరములను మొదట గీసినవారికి ఎద్దు తెలియును, ఇల్లు తెలియును, ములుకోల తెలియును. మీ దొడ్డిలో ఉన్నవే వారి పలకపైకి ఎక్కినవి. తరువాతివారు వానిచుట్టు గోడలు కట్టిరి గాని, అవి పుట్టినది గోడల నడుమ కాదు. ఇవి మీ కొరకు కూడ చేసినవే.

ఈ గ్రంథాలయ సభ్యులకు నాదొక్క విన్నపము. ఈ ఊర నేటికిని వ్రేలిముద్ర వేయువారు గలరు. ఈ ఉత్సవ సంవత్సరమున ప్రతి చందాదారుడును అట్టివారినొక్కరిని రాత్రిబడికి వెంటబెట్టుకొని రావలెను. వచ్చినవారిని వెనుక బల్లపై గాక, దీపము దగ్గర కూర్చుండబెట్టవలెను.