పాత పేర్లు - క్రొత్త పేర్లు



బిడ్డకు క్రొత్త పేరు పెట్టు వేడుక నేటిది కాదు. స్వాతంత్ర్యోద్యమ కాలమున గాంధి, నెహ్రూ, సుభాష్ అను పేర్లు తెలుగు ఊయలల కెక్కినవి. తెనాలి చక్రపాణిగారు తెనిగించిన శరత్ నవలలను ఇట్టి గ్రంథాలయములలో చదివినవారు తమ కుమారులను శరత్‌బాబు అని పిలుచుకొనిరి. కావున క్రొత్త పేర్లను నేను నిందింపను. పాత పేర్లను విని నవ్వుటయే నాకు బాధ.

బిడ్డలు దక్కని తల్లి, మరల పుట్టిన బిడ్డను ఎంగిలి పుల్లాకులపైననో పెంటకుప్పపైననో పొరలించి, పుల్లయ్య అనియో పెంటమ్మ అనియో పేరు పెట్టెడిది. మృత్యువు కంటికి ఆ బిడ్డ ఆనకుండుటకే ఆ పేరు! అందున్నది మోటుతనము కాదు, కడుపుకోత.

మనుమరాలికి మీకు నచ్చిన పేరే పెట్టుడు. తాతమ్మకు ఆ పేరేల వచ్చెనో కూడ ఆమెకు చెప్పుడు.